రాయగడలో ‘డ’ కింద చుక్క: పత్తి రైతుల డేటాబేస్ నుంచి స్కీమాకు కుదిరే ఎక్స్‌ఎమ్‌ఎల్ తీసిన వైనం

“స్కీమా ప్రకారం లేదు” అని ఒక్క ముక్క రాసి పత్తి కొనే సంస్థ ఫైలును మూడోసారి వెనక్కి పంపాక, అమ్మేవాళ్లు నాకు ఫోన్ చేశారు. ఒడిశాలోని రాయగడ జిల్లాలో పత్తి రైతులు వాటాలు వేసుకుని పెట్టుకున్న కంపెనీ అది. పేరు అక్కర్లేదు. రెండు గదుల ఆఫీసు, వెనక గోడౌను, గుమ్మంలో కాటా. లోపల పుస్తకాలు ఒడియాలో, సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులో, చిరాకు తెలుగులో. ఈ జిల్లా 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుంచి విడిపడింది. రాష్ట్ర సరిహద్దుకు అవతలివైపు ఆంధ్రలోని పార్వతీపురం పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేంత దూరం. అందుకే ఇక్కడ ఏ డేటాబేస్ తెరిచినా ఒకే ఊరికి మూడు స్పెల్లింగులుంటాయి: ఒడియా గుమాస్తా రాసింది, తెలుగు గుమాస్తా రాసింది, రైల్వే బోర్డు మీద ఉన్నది.

పత్తి కొనే సంస్థ అడిగింది చిన్న విషయమే. ప్రతి బస్తా ఏ రైతుది, ఏ పొలంలో పండింది, ఏ రోజు తూగింది అన్న వివరాలు, ప్రతి విలువకూ అటూఇటూ దాని పేరున్న ట్యాగులు పెట్టే, ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా కావాలి. దాని ఆకారం ఎలా ఉండాలో చెప్పే ఎక్స్‌ఎస్‌డీ స్కీమా ఫైలు కూడా వాళ్లే ఇచ్చారు. మన దగ్గర పోస్ట్‌గ్రెస్ 14 అనే డేటాబేస్, అందులో నాలుగు టేబుళ్లు: రైతులు, కమతాలు, తూకాలు, గ్రామాలు. పైకి చూస్తే ఒక పూట పని. నాకు ఐదు వారాలు పట్టింది. అందులో డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్ రాసింది రెండు రోజులు.

పాత ఫైళ్లను తయారుచేసిన స్క్రిప్టు తీగలు ముడేసినట్టు అక్షరాల ముక్కలను కలిపి ట్యాగులు పుట్టిస్తోంది. ఓ వ్యాపారి పేరులో & గుర్తు రాగానే ఫైలు విరిగిపోతోంది, ఎందుకంటే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఆ గుర్తును నేరుగా రాయకూడదు. రాసిన కుర్రాడు & కనిపించిన చోటల్లా ‘అండ్’ అని మార్చేశాడు. ఆ తర్వాత ఎక్సెల్ నుంచి అతికించిన చిరునామాల్లో 11వ నంబరు కంట్రోల్ అక్షరం, అంటే తెర మీద కనబడని గుర్తు, దొరికింది. 32 కంటే తక్కువ నంబరున్న అక్షరాల్లో ట్యాబు, లైను మార్పు, క్యారేజ్ రిటర్న్ ఈ మూడింటినే ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 ఒప్పుకుంటుంది. మిగతావాటిని కోడుగా మార్చి రాసినా ఒప్పుకోదు, తీసిపారేయాల్సిందే. ఆ స్క్రిప్టును బాగుచేయడం మానేసి పక్కన పెట్టాను.

స్కీమాను కాగితం మీద చదవడం

నాకో అలవాటు ఉంది, కుర్రాళ్లు నవ్వుతారు. స్కీమాను ప్రింటు తీసి పెన్సిలుతో చదువుతాను. ప్రతి ఎలిమెంటు (ట్యాగుతో పేరు పెట్టిన ఒక్కో వివరం) పక్కన మూడు ముక్కలు రాస్తాను: ఇది ఏ కాలమ్ నుంచి వస్తుంది, ఖాళీగా ఉండొచ్చా, ఖాళీగా ఉంటే ఆఫీసులో ఎవర్ని అడగాలి. మూడో ముక్క రాసుకున్న చోట్లే చివరికి నా వారాలన్నీ తిన్నాయి.

స్కీమాలో వరస ఖాయం. పేరు, లింగం, ఫోను, గ్రామం, కమతాలు, తూకాలు అని రాసి ఉంటే అదే వరసలో రావాలి. టేబుల్లో కాలమ్ ఎక్కడున్నా సరే, ఫైల్లో గ్రామం తర్వాత ఫోను వస్తే తప్పే. కాబట్టి ముందుగా స్కీమా వరసనే అనుసరించే వ్యూ, అంటే డేటాబేస్‌లో దాచిపెట్టుకునే క్వెరీ (ప్రశ్న), ఒకటి రాసి, ఎక్స్‌ఎమ్‌ఎల్ అల్లే పని ఆ వ్యూ మీద నడిపాను. రేపు స్కీమా మారితే మార్చాల్సింది ఒక్క చోటే.

అల్లడానికి 2003 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో చేరిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫంక్షన్లే చాలు. ఇక్కడ కొత్తవాళ్లు జారిపడే మెట్టు ఒకటుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎలిమెంట్ ఫంక్షన్‌కు నల్, అంటే ‘విలువ లేదు’ అన్న గుర్తు, ఇస్తే ఖాళీ ట్యాగు పుడుతుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఫారెస్ట్‌కు నల్ ఇస్తే ఆ ట్యాగే రాదు. తేదీ ఎలిమెంటు ఐచ్ఛికమే కావచ్చు, కానీ ఒకసారి ట్యాగంటూ వచ్చాక లోపల తేదీ ఉండి తీరాలి, ఖాళీ ట్యాగు స్కీమాకు చెల్లదు. ‘ఉండకపోవచ్చు’ వేరు, ‘ఖాళీగా ఉండొచ్చు’ వేరు. ఐచ్ఛికమైనవన్నీ ఫారెస్ట్‌లోకి, తప్పనిసరివి ఎలిమెంట్‌లోకి పంపాను. టెక్స్ట్ కాలమ్‌లో నల్‌కు బదులు ఖాళీ స్పేసు కొట్టి వదిలేసిన రికార్డులూ ఉంటాయి గనక, ముందు స్పేసులు కత్తిరించి, ఏమీ మిగలకపోతే నల్‌గా మార్చే వడపోత ప్రతి కాలమ్‌కూ పెట్టాను.

రైతుకు మూడు కమతాలు, నాలుగు తూకాలు ఉన్నాయనుకోండి. మూడు టేబుళ్లనూ ఒకే క్వెరీలో జాయిన్ చేస్తే పన్నెండు వరసలొస్తాయి. ప్రతి కమతం నాలుగుసార్లు, ప్రతి తూకం మూడుసార్లు. పాత ఫైల్లో పత్తి బరువు గోడౌనులో ఉన్నదానికంటే ఎక్కువ ఎందుకు కనిపించిందో అప్పుడర్థమైంది. కమతాలకు ఒక సబ్‌క్వెరీ, తూకాలకు ఇంకొకటి, దేనికదే ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఆగ్‌తో పోగేసి రైతు కింద వేలాడదీయాలి. పోగేసేటప్పుడు లోపలే వరస కూడా చెప్పాలి, లేకపోతే నిన్నటి ఫైలుకీ ఇవాళ్టి ఫైలుకీ తేడా చూడబోతే అంతా తేడాలాగే కనిపిస్తుంది. తూకమే లేని రైతుకు ‘తూకాలు’ అన్న తొడుగు ట్యాగు కూడా రాకూడదు, దానికో షరతు.

ఐడీల సంగతి వేరు. స్కీమాలో ఐడీ రకం విలువ అంకెతో మొదలవకూడదు, ఫైలు మొత్తంలో ఒక్కటే ఉండాలి. మన రైతు నంబరు 12, కమతం నంబరు కూడా 12. రెండు టేబుళ్లలో వేర్వేరు కాబట్టి డేటాబేస్‌కు పట్టలేదు, ఫైల్లో మాత్రం ఢీకొన్నాయి. రైతు ఐడీకి ముందు ఒక అక్షరం, కమతం ఐడీకి ముందు ఇంకో అక్షరం తగిలించాను.

ఒకే లైనులో అన్ని తప్పులూ

తనిఖీకి ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్ వాడాను. ఉచితం, కమాండ్ లైను నుంచి నడుస్తుంది. మొదటిసారి నడిపితే వందలకొద్దీ తప్పులు, అన్నీ ఒకటో లైనులోనే. పోస్ట్‌గ్రెస్ ఫైలు మొత్తాన్ని ఒకే లైనుగా ఇస్తుంది గనక తప్పు ఎక్కడున్నా లైను నంబరు ఒకటే అవుతుంది. 16వ వెర్షన్ నుంచి ఇండెంట్ చేసి ఇచ్చే సదుపాయం వచ్చింది, మా 14లో లేదు. ముందు లింట్‌తోనే లైన్లు విడగొట్టించి, ఆ తర్వాత తనిఖీ చేయించాను.

ఆ వందల తప్పులకూ కారణం ఒక్కటే, నేమ్‌స్పేస్. ట్యాగు ఏ స్కీమాకు చెందిందో చెప్పే ఇంటిపేరు లాంటిది. స్కీమాలో లోపలి ఎలిమెంట్లు కూడా నేమ్‌స్పేస్‌లోనే ఉండాలని రాసి ఉంది, నేను రైతు ట్యాగు వరకే పెట్టి, దాని లోపలివాటికి పెట్టడం మర్చిపోయాను. అది పెట్టగానే వందలు కాస్తా అరవైకి దిగాయి. ఇలాంటప్పుడు కంగారుపడి ఒక్కో తప్పూ దిద్దుకుంటూ పోకూడదు. సందేశాలను పోగేసి, ఏ వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, పైనున్న దాన్నే ముందు పట్టుకోవాలి. ఒకటి దిద్దితే దాని వెనక దాక్కున్నది బయటికొస్తుంది. మళ్లీ లెక్క.

విండోస్‌లో పని చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. పాత పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫైల్లోకి మళ్లిస్తే అది అక్షరాలను యూటీఎఫ్-16 పద్ధతిలో బైట్లుగా రాస్తుంది, ఫైలు మొదటి లైనేమో యూటీఎఫ్-8 అంటుంది. దారిలో ఒడియా అక్షరాలు ప్రశ్నార్థకాలైపోవచ్చు. డేటాబేస్ క్లయింటునే నేరుగా ఫైల్లోకి రాయమనండి.

చుక్క

అరవైలో నలభైకి పైగా ఒకే రకం. జిల్లా పేరు అనుమతించిన జాబితాలో లేదు అని. కొనే సంస్థ రైతు కార్డు మీద ఒడియాలో అచ్చు వేస్తుందట, అందుకని జిల్లా పేర్లు ఒడియా లిపిలో ఒక ఖాయమైన జాబితాగా స్కీమాలోనే పెట్టారు. లింట్ సందేశంలో మన విలువ ‘రాయగడ’ అని, జాబితాలో కూడా ‘రాయగడ’ అని పక్కపక్కనే కనిపిస్తున్నాయి. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. తేడా లేదు. అకౌంటెంటు అమ్మాయిని పిలిచి చూపించాను. ఆమె ఒడియా మీడియంలో చదువుకుంది.

“రెండూ ఒకటే సార్. ఏటి, తప్పంటోందా?”

రెండింటికీ పొడవు అడిగాను. మన డేటాబేస్‌లోది 6 అక్షరాలు, స్కీమాలోది 7.

ఒడియాలో రాయగడ రాసేటప్పుడు ‘డ’ కింద చుక్క పెడతారు. మనం ‘డ’ అనేసే చోట వాళ్లు నాలుక మడిచి కొంచెం ‘ర’లా పలుకుతారు. ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించే యూనికోడ్‌లో ఆ చుక్క డకారానికి రెండు రూపాలున్నాయి. ఒకటి చుక్కతో కలిసి ఒకే అక్షరం. రెండోది మామూలు డ, దాని వెనక విడిగా చుక్క. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. బైట్లలో మొదటిది మూడు, రెండోది ఆరు. స్కీమాలోని జాబితా ఒక్కో అక్షరాన్నీ అంకెగా పోల్చుతుంది, ఆకారం దానికి పట్టదు. ఆఫీసులోని పాత కంప్యూటరు కీబోర్డు మొదటి రూపం కొడుతోంది, కొత్తది రెండో రూపం కొడుతోంది. అందుకే కొందరు రైతులు సరిగ్గా ఉన్నారు, కొందరు లేరు. జిల్లా తన పేరుతోనే తనను గుర్తుపట్టలేకపోతోంది!

దీనికి మందు నార్మలైజేషన్, అంటే అన్నిటినీ ఒకే రూపంలోకి తేవడం. యూనికోడ్ ప్రామాణిక రూపమైన ఎన్‌ఎఫ్‌సీలో ఈ అక్షరం ఎప్పుడూ విడిపోయే ఉంటుంది, ‘కలిపి రాయడం’ అని పేరున్నా సరే. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది. వ్యూలో ప్రతి పేరుకూ అది తగిలించాను, డేటా ఎక్కించే ఫారంలో కూడా పెట్టించాను. నలభై తప్పులూ పోయాయి.

పేర్ల తప్పుల్లో మూడు మిగిలాయి. అవి సరిహద్దుకు ఈవలి ఊళ్ల పేర్లు, తెలుగులో కూడా రాసిపెట్టినవి. వాటిలో కనిపించని అక్షరం ఒకటుంది, సున్నా వెడల్పుది. నేనిక్కడ ‘డేటాబేస్‌లో’ అని రాసినప్పుడల్లా ‘స్’కూ ‘లో’కూ మధ్య అది కూర్చునే ఉంది, లేకపోతే రెండూ అతుక్కుని ఒత్తు పడుతుంది. నార్మలైజ్ దాన్ని తీసేయదు, తీసేయకూడదు కూడా. ఊరి పేరు చివర పనికిమాలి మిగిలినప్పుడు మాత్రం చేత్తో కోయాలి.

పొడవు పరిమితి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్కీమా 35 అక్షరాలంటే అవి యూనికోడ్ అక్షరాలు. ‘శ్రీకాకుళం’ మన చెవికి నాలుగక్షరాలు, యూనికోడ్‌కు పది, యూటీఎఫ్-8 బైట్లలో ముప్ఫై. పాత స్క్రిప్టు పేర్లను బైట్ల లెక్కన కత్తిరించి, ఒక రైతు పేరు చివర పొల్లు వేలాడుతూ వదిలేసింది. నేను కత్తిరించడం మానేసి, పరిమితి దాటిన పేర్ల జాబితా ఇచ్చాను. నాలుగే వచ్చాయి. ఎలా పొట్టి చేయాలో ఆ రైతులనే అడిగారు.

తనిఖీ నెగ్గిన తప్పులు

లింట్ ‘సరిపోయింది’ అన్న రోజు సాయంత్రం కార్యదర్శిగారు మిఠాయి తెప్పించారు. నేను ఇంకా పంపొద్దన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు.

నాకు అనుమానం పుట్టించింది పిన్‌కోడ్. స్కీమాలో పిన్‌కోడ్‌కు ‘ఆరు అంకెలు’ అని నమూనా రాశారు, బ్యాక్‌స్లాష్ డి వాడి. చాలామంది అది 0 నుంచి 9 అనుకుంటారు. ఎక్స్‌ఎస్‌డీలో దాని అర్థం యూనికోడ్‌లో అంకె అనిపించుకున్న ఏ అంకైనా అని. 765001ని ఒడియా అంకెల్లో కొట్టినా నెగ్గుతుంది, తెలుగు అంకెల్లో కొట్టినా నెగ్గుతుంది. నిజంగానే పదకొండు మంది రైతులకు ఒడియా అంకెలున్నాయి. అవతలి సాఫ్ట్‌వేర్ దాన్ని నంబరు కాలమ్‌లో పెట్టబోయి బోల్తాపడేది, తప్పు మళ్లీ మన మీదికే వచ్చేది. మామూలు అంకెలుగా మార్చేశాను. నమూనా రాసేవాళ్లు [0-9] అనే రాయాలి, అంతే.

విస్తీర్ణం సంగతి త్వరగా చెప్పేస్తాను. మన దగ్గర ఎకరాలు, వాళ్లకు హెక్టార్లు, రెండు దశాంశాలు. 1.25 ఎకరాల కమతాలు మూడున్న రైతుకు ఒక్కోటి 0.51, కలిపితే 1.53. ముందే కలిపి మారిస్తే 1.52. ఎక్స్‌ఎస్‌డీ 1.0కి కూడికలు రావు. 2012 నాటి 1.1లో షరతులు రాయొచ్చు గానీ లింట్‌కు అది తెలియదు. కమతాల అంకెలనే కూడి మొత్తంగా ఇవ్వాలని వాళ్లతో ఫోన్‌లో ఒప్పందం చేసుకుని, ఆ మాట మెయిల్‌లో రాయించుకున్నాను. రాష్ట్రం కోడు కూడా అలాగే. ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 2023లో ఒడిశాకు ‘ఓఆర్’ తీసి ‘ఓడీ’ పెట్టింది, వాళ్ల స్కీమా అంతకుముందుది. వాళ్లు మార్చేదాకా పాతదే పంపాం.

పొలం నంబరు దగ్గర మాత్రం రెండు రోజులు కూర్చున్నాను. ఆంధ్రలో సర్వే నంబరంటాం, ఇక్కడ ఖాతా నంబరు, ప్లాట్ నంబరు. 124/3 లాంటివి. స్కీమాలో ఆ ఎలిమెంటు ఒట్టి టెక్స్ట్, ఏం రాసినా ఒప్పుకుంటుంది. వ్యూ మీద కళ్లు పరిగెత్తిస్తుంటే ఒక చోట ‘12-మార్చి’ అని ఇంగ్లీషులో కనబడింది.

“అది తేదీ కాదు సార్, ప్లాట్ నంబరు. పన్నెండు బై మూడు. అలాగెలా మారిపోనాది?” అంది అకౌంటెంటు.

ఎక్సెల్ చేసిన పని. మొదట్లో ఊరూరా తిరిగి రాసుకొచ్చిన జాబితాలన్నీ ఎక్సెల్‌లో కొట్టి, తర్వాత డేటాబేస్‌లోకి ఎక్కించారు. తేదీ కాగలిగిన ప్రతి నంబరునూ అది తేదీ చేసేసింది. 124/3 బతికింది, 12/3 పోయింది. నెలల పేర్లతో వెతికితే ముప్ఫై ఎనిమిది కమతాలు దొరికాయి. తిప్పి రాయడం తేలికే అనిపిస్తుంది, మార్చి అంటే 3 కదా అని. కానీ రైతు పట్టాలో ఉన్నది 12/3 అవ్వొచ్చు, 12-3 అవ్వొచ్చు, 12/03 అవ్వొచ్చు. ఊహించి రాయనన్నాను. పట్టా కాగితాలు తెప్పించి ఇరవై తొమ్మిది సరిచేశారు. మిగతా తొమ్మిదింటినీ ఫైలు నుంచి తీసేశాను, వాటి పత్తితో సహా.

ఇక ఫోను. స్కీమాలో రైతు ఫోను తప్పనిసరి: పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. మా ఫైల్లో ప్రతి రైతుకూ ఉంది, ప్రతిదీ నమూనాకు సరిపోయింది. ఏ నంబరు ఎంతమందికి ఉందో లెక్కేసే రెండు లైన్ల క్వెరీ రాసి చూశాను. పై వరసలో ఒకే నంబరు, 71 మందికి. ఆ నంబరు ఎవరిదో చూడ్డానికి డయల్ చేశాను. పక్క గదిలో కార్యదర్శిగారి జేబులో మోగింది.

ఆయన దాచలేదు. “కొండ మీది ఊళ్లు. ఆడవాళ్లకు ఫోన్లు లేవు. సాఫ్ట్‌వేరేమో ఖాళీ వదిలితే ఒప్పుకోదు. నన్నేం చేయమంటారు ఆజ్ఞా?” ఆజ్ఞా అంటే ఒడియాలో ‘అయ్యా’.

ఆయన తప్పు సగమే. ‘తప్పనిసరి’ అని ఎక్కడో కూర్చుని రాసినవాడు ఫోను లేని రైతు ఉంటుందని అనుకోలేదు. అలాంటి స్కీమా ముందు పెడితే మనుషులు అబద్ధం చేత్తో కొట్టి ఇస్తారు, లింట్ సంతోషంగా తీసుకుంటుంది. నేను ఆ 71 మందికీ ఫోను నల్ చేసి, ఆ ఎలిమెంటును ఐచ్ఛికం చేయమని కొనే సంస్థకు రాశాను. ఈలోగా ఫోనున్నవాళ్లతో ఒక ఫైలు పంపాం. అది మొదటిసారే నెగ్గింది, వారంలో డబ్బులు పడ్డాయి.

71 మంది ఆగారు. స్కీమా మార్చడానికి అవతలివాళ్లకు మూడు వారాలు పట్టింది. సొంత ఫోన్లు లేనివాళ్లు, బ్యాంకుకు నడిచివచ్చి పాస్‌బుక్ అచ్చు వేయించుకుంటే తప్ప డబ్బు పడిందో లేదో తెలియనివాళ్లు. ఇద్దరు రెండుసార్లు దిగి వచ్చారని అకౌంటెంటు చెప్పింది. కార్యదర్శిగారి నంబరుతోనే ఆ ఒక్క ఫైలూ పంపేసి, స్కీమా గొడవ తర్వాత పెట్టుకోవాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటుంటాను. అప్పుడైతే పంపనివ్వలేదు.

కొత్త స్కీమా శనివారం వచ్చింది. ఫోను ఐచ్ఛికమైంది. వ్యూ ముట్టుకోలేదు, ఆ ఒక్క కాలమ్‌ను ఎలిమెంట్ నుంచి ఫారెస్ట్‌లోకి జరిపాను, 71 మంది ఫైలు సోమవారం వెళ్లింది. ఆ తొమ్మిది కమతాల్లో ఆరింటికి ఇంకా పట్టా దొరకలేదు.